బయటి గుడిసెలో పులి-మేక

మా క్వార్టర్ల వరుసలో ఆడవాళ్ళం నలుగురం ఏడాదికోసారి మొక్కు పేరు చెప్పి ఊరు దాటేవాళ్ళం. మొక్కు అబద్ధం. మేం వెళ్ళేది పులి-మేక ఆడుకోవడానికి.

అక్షరాలు రానప్పుడు ఈ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాను. వచ్చాక రాయడానికి సిగ్గుపడ్డాను. సాయంత్రం బడిలో పంతులమ్మ, మీకు బాగా గుర్తున్నది ఏదైనా రాయండమ్మా అన్నప్పుడు, నా పక్కన కూర్చున్నవాళ్ళు పెళ్ళి గురించీ, మొదటి కాన్పు గురించీ మొదలుపెట్టారు. నేను పలక మీద పులి-మేక గీతలు గీసి, ఆమె నా దగ్గరికి వచ్చేలోపల కొంగుతో తుడిచేశాను.

పులి-మేక మా వైపు మగవాళ్ళ ఆట. బండ మీద బొగ్గుతో గీసుకుంటారు. పైన ఒక కొన, కొన నుంచి కిందికి జారే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు. ఒకరివి మూడు పులులు, ఇంకొకరివి పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకితే ఆ మేక పోయినట్టే. పులులు ఎటూ కదలలేకుండా మేకలు చుట్టూ కమ్ముకుంటే పులి ఓడినట్టు. ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని అష్టాచెమ్మ ఆడుకుంటే ఎవరూ ఏమీ అనరు. అదే ఆడది వాకిట్లో పులి-మేక ముందు వేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చుంటే, దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. ఆ ఇంటి మగవాణ్ణి బొగ్గుబావి దగ్గర పట్టుకుని వెక్కిరిస్తారు.

నేను చిన్నప్పుడు మా తండాలో మేకలు కాస్తూ ఈ ఆట నేర్చుకున్నాను. పెళ్ళయి కొత్తగూడెం వచ్చాక దాని ఊసే ఎత్తలేదు. మా ఆయన బొగ్గుబావిలో పని చేసేవాడు. మా వరుస చివర క్వార్టర్లో అందరికంటే పెద్దామె ఒకావిడ ఉండేది. అందరం ఆమెను పెద్దక్క అనేవాళ్ళం. ఒక మధ్యాహ్నం నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని నీళ్ళ కోసం కూర్చున్నప్పుడు, ఆమె తడి వేలితో సిమెంటు గచ్చు మీద గీతలు గీస్తూ కనిపించింది. కొన, జారే గీతలు, అడ్డగీతలు. ఎండకు గీతలు ఆరిపోతుంటే మళ్ళీ గీస్తోంది. నేను పక్కన పడున్న చింతగింజ ఒకటి తీసి కింద మూలలో పెట్టాను. ఆమె తలెత్తి నన్ను చూసి, “అయితే నువ్వు మేకలా?” అంది. ఆ రోజు నుంచి ఆమె పులి, నేను మేకలు.

తలుపులు మూసుకుని ఆడుకునేవాళ్ళం. బావిలో షిఫ్టు దిగే సైరన్ మోగగానే గింజలు బియ్యం డబ్బాలో పడేసి, గీతలు తుడిచేసేవాళ్ళం. తర్వాత మాతో ఇంకో ఇద్దరు కలిశారు. ఒకరు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలోని ఆవిడ. మేం వదిన అని పిలిచేవాళ్ళం. ఆమెకు ఆట పెద్దగా రాదు, ఆచారం మాత్రం చాలా ఎక్కువ. ఇంకొకతె కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. నాకంటే బాగా చిన్నది, అందుకే అందరికీ చిన్నది అయిపోయింది.

బయటి ఊళ్ళకు వెళ్ళడమనే ఆలోచన పెద్దక్కదే. ఒకసారి ఒక పాత శివాలయంలో మండపం రాళ్ళ మీదే పులి-మేక గీతలు చెక్కి ఉండటం చూసింది. ఎవరు చెక్కారో, ఎప్పటివో తెలియదు. ఇలాంటివి ఇంకా చాలా గుళ్ళలో ఉంటాయి, వెతుక్కుంటూ పోదాం అంది. భద్రాచలంలాంటి పెద్ద క్షేత్రాలకు పోతే జనం, సత్రం దొరకదు, చేతిలో డబ్బూ ఆగదు. ఎవరూ పోని గుడి అయితే మండపంలోనే కొంగు పరుచుకుని పడుకోవచ్చు. తలా ఇన్ని బియ్యం, ఒక డబ్బాలో మామిడికాయ తొక్కు, కిరసనాయిలు స్టవ్. బస్సు ఆఖరి స్టాపు దాకా పోయి, అక్కడి నుంచి నడక. మగవాళ్ళకు మాత్రం మొక్కు అని చెప్పేవాళ్ళం. వదినకైతే అది నిజంగానే మొక్కు. మేము రాతి మీద వంగి కూర్చుంటే ఆమె ప్రదక్షిణలు చేసేది, వంట చేసేది, అప్పుడప్పుడూ వచ్చి ఎవరు గెలుస్తున్నారని అడిగేది.

ఆ ఏడాది పెద్దక్క భర్తను డాక్టర్లు బావి పనికి అన్‌ఫిట్ చేశారు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆయన బదులు ఉద్యోగం అందుకోవడానికి కొడుకులు లేరు. క్వార్టర్ ఖాళీ చేసి, మధిర వైపు మరిది ఇంటికి వెళ్ళిపోవాలి. పెద్దక్క ఏడవలేదు. నాతో మాత్రం ఒక మాట అంది.

“ఆడ నాతోని పులి-మేక ఎవలు ఆడుతరే?”

చిన్నప్పుడు వాళ్ళ తాత ఒక గుడి గురించి చెప్పేవాడట. భద్రాచలం దాటి, ఏటి ఎగువకు పోతే అడవిలో ఉంటుంది. మండపం మధ్యలో ఇద్దరు కూర్చోవడానికి వీలుగా ఎత్తయిన బండ, దాని మీద పులి-మేక. ఆ బండ మీద ఒక్కసారి ఆడి పోతానంది. అదే ఆమెతో మా ఆఖరి ప్రయాణమని అందరికీ తెలుసు.

నాకూ చిన్నదానికీ నెలసరి సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. వెనక్కి జరిపే గోళీలు ఉంటాయని పెద్దక్కే చెప్పింది. మందుల దుకాణానికి నేను వెళ్ళాను. ముందు తలనొప్పి గోళీ అడిగి కొన్నాను. పక్కన ఉన్నవాళ్ళు వెళ్ళేదాకా అద్దాల బీరువాలోకి చూస్తూ నిలబడ్డాను. చివరికి గొంతు తగ్గించి అడిగితే, ఆ దుకాణం అతను వీధిలోకి వినిపించేట్టు, రోజుకొకటి తప్పకుండా వేసుకోవాలి, తిరిగొచ్చేదాకా మానొద్దు అని చెప్పి ఒక గోళీల పట్టీ కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇద్దరికి కావాలి అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ అడగలేకపోయాను.

ఇంటికి వచ్చి ఆ పట్టీని చిన్నదానితో పంచుకున్నాను. ఒక రోజు నేను, ఒక రోజు అది. మా వరుసలో చక్కెర, సబ్బు బిళ్ళ, కిరసనాయిలు, అన్నీ సగం సగమే పంచుకునేవాళ్ళం. ఇది కూడా అంతే అనుకున్నాం. వేరేగా ఆలోచించాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఇప్పపూలు రాలే కాలం. బస్సు వంతెన దాటుతుంటే గోదావరి సన్నగా ఇసుక మధ్యలో పారుతోంది. భద్రాచలంలో బస్సు మారాం. ఆఖరి స్టాపులో దిగి బండిబాట పట్టుకుని నడిచాం. పెద్దక్క అందరికంటే ముందు నడిచింది. గూడెం దాటి చిన్న గుట్ట ఎక్కితే గుడి. నేను రెండో మెట్టు మీద కాలు పెట్టినప్పుడు తెలిసిపోయింది.

ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. వెనక వస్తున్న వదిన ముఖం చూస్తే ఆమెకు అర్థమైపోయిందనిపించింది. మెల్లగా చెప్పాను.

“ఎప్పట్నించే?” అంది వదిన.

“ఇప్పుడే వదినా.”

“మెట్లు ఎక్కేశావా?”

“రెండే.”

“దిగు. ముందు దిగు తల్లీ.”

దిగాను. ఆమె తన రెండో చీర అంచు చింపి, చేతికివ్వకుండా నేల మీద పెట్టి జరిగింది. పైనుంచి పెద్దక్క చూస్తోంది. బండ కనపడిందేమో, ముఖం వెలిగిపోతోంది. నేను మెట్ల కింద గుడ్డ పట్టుకుని నిలబడి ఉండటం చూసి ఆ ముఖం అలాగే ఆగిపోయింది.

పూజారి ముసలాయన. ఆయన నాతో మాట్లాడలేదు. ఇప్పచెట్టు వైపు చూస్తూ వదినతో మాట్లాడాడు. మండపంలోకి కాదు, గుట్ట మీదికి కూడా రాకూడదన్నాడు. గూడెం చివర ఇలాంటి ఆడవాళ్ళు ఉండే గుడిసె ఉంది, మూడు రోజులు అక్కడ ఉండాలన్నాడు. మేము ఉండాలనుకున్నదే అన్ని రోజులు. గుడిసెకు దారి గూడెం మధ్య నుంచే. బుట్టలు అల్లుకుంటున్న మగవాళ్ళు, పూలు ఎండబోస్తున్న ముసలివాళ్ళు తలలెత్తి చూశారు. కొత్తగా వచ్చిన ఆడది మూట పట్టుకుని ఒంటరిగా ఆ గుడిసె వైపు నడుస్తోందంటే ఎందుకో వాళ్ళకు చెప్పనక్కర్లేదు. క్వార్టర్లలో ఆ మూడు రోజులూ నేను వంట చేసేదాన్ని, నీళ్ళు మోసేదాన్ని, ఎవరికీ తెలియనిచ్చేదాన్ని కాదు. ఇక్కడ తెలియని ఊరంతటికీ తెలిసిపోయింది. చెప్పులు చేతిలో పట్టుకుని, నేల చూస్తూ నడిచాను. చెప్పులు ఎందుకు విప్పానో నాకే తెలియదు.

గుడిసెలో అప్పటికే ఒకామె ఉంది. కోయామె, నా ఈడుదే. మిట్టమధ్యాహ్నం కాళ్ళు చాపుకుని హాయిగా నిద్రపోతోంది. నేను మూలన కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే లేచి, వాళ్ళ భాషలో ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదని చూసి తెలుగులో అంది.

“పండుకో. ఈడికి ఎవరూ పిలవరు.”

అంతే, మళ్ళీ అటు తిరిగి పడుకుంది. ఆమెను చూసి జాలిపడదామని తయారై వచ్చాను నేను. ఆమెకు ఆ గుడిసె పనిలేని చోటు. నేను రావడం వల్ల ఆమె నిద్ర చెడిపోయింది, అంతే.

మర్నాడు పొద్దున చిన్నది తన మూట పట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. “నాగ్గూడ అయింది అక్కా. నీ గోళీలు నన్ను ముంచినయ్” అంది. కోయామె మా ఇద్దరినీ చూసి, తన చాప గోడవైపు జరుపుకుంది.

అప్పుడు నాకు పైన ఏం జరుగుతోందో అర్థమైంది. పెద్దక్క ఇన్నేళ్ళు కోరుకున్న బండ ముందు కూర్చుంది. ఎదురుగా కూర్చుని ఆడేవాళ్ళే లేరు. వదినకు పులి ఎటు దూకుతుందో కూడా సరిగా తెలియదు. ఆ ఆఖరి ప్రయాణాన్ని ఇంకో పట్టీ అడగడానికి నోరు రాని నా సిగ్గు మింగేసింది. ఆ పొద్దు నేను అన్నం ముట్టలేదు.

ఎండ ఎక్కాక పెద్దక్క గుట్ట దిగి వచ్చింది. గుడిసెకు దూరంగా చెట్టు నీడలో ఆగి, “బతికే ఉన్నరా?” అని అరిచింది. మేం గుమ్మం దాకా జరిగాం. ఆమె అక్కడే కూర్చుని పుల్లతో నేల మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. నన్నూ లోపల అలాగే గీసుకోమంది. ఆమె బోర్డు ఆమెది, నా బోర్డు నాది. ఒకరు ఎత్తు వేస్తే నోటితో చెప్పాలి, రెండోవాళ్ళు తమ బోర్డు మీద కూడా ఆ గింజను జరపాలి. గీతలు కలిసే చోట్లకు పేర్లు కావాలి కదా. మా క్వార్టర్ పేర్లే పెట్టుకున్నాం. పైకొన తలుపు. కింది మూల నల్లా. మధ్యది పొయ్యి.

“నల్లా కాడ మేక.”

“తలుపు నుంచి పొయ్యి కాడికి పులి.”

గూడెంలో ఎవరైనా వింటే ఏమనుకునేవారో. చిన్నది నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది. నాకు నవ్వు రాలేదు. మొదటి ఎత్తు నుంచే ఒకటి నిర్ణయించుకున్నాను. ఓడిపోవాలి. ఇంతకంటే ఆమెకు నేను ఇవ్వగలిగింది ఏమీ లేదనిపించింది. పులి దూకే చోట మేకను పెట్టాను. తర్వాత ఇంకో మేకను. పెద్దక్క వరసగా మేకల్ని తినేసింది. మూడోసారి ఆమె గొంతు మారింది.

“పొయ్యి కాడ ఏముంది నీ దాన్ల?”

“మేక.”

“మేక ఎట్లుంటది? అది నేను ఇందాకనే తిన్న. నీ బోర్డు తప్పు.”

నా బోర్డు సరిగానే ఉందన్నాను. తనదే సరైనదంది. చిన్నది మధ్యలో ఏదో అనబోతే ఇద్దరం కలిసి దాని మీద విరుచుకుపడ్డాం. పెద్దక్క పుల్ల విసిరికొట్టి లేచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గబగబా నడిచి వచ్చి, నేను వద్దక్కా వద్దక్కా అంటూ ఉండగానే గడప దాటి, నా ఎదురుగా కూర్చుంది. ఆమె మోకాలు నా మోకాలికి తగిలింది.

“అక్కా, నన్ను ముట్టుకున్నవ్.”

“ముట్టుకున్న. ఇగ ఏమైతది? చూడనీ నీ దొంగ లెక్క.”

కోయామె లేచి కూర్చుని మమ్మల్ని ముగ్గురినీ కోపంగా చూసింది. పెద్దక్క ఆమెను పట్టించుకోలేదు. నా బోర్డు మీదికి వంగింది. చాలాసేపు చూసింది. నా మేకలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎలా పెట్టానో ఒక్కొక్కటీ వేలితో ముట్టుకుంటూ పోయింది. అప్పుడు తలెత్తింది. కోపం కాదు అది. అంతకంటే చెడ్డది.

“నా మీద జాలి పడుతున్నవా?”

నేను చెయ్యి చాపి ఒక మేకను సర్దబోయాను.

“ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న నాకు ఇట్ల మేకలు పడేసినవా నువ్వు? ఇప్పుడు పోతున్న అని పడేస్తవా? గా మనిషి అన్‌ఫిట్ అయిండు. నేను కాలే.”

అలా అని అరచేత్తో బోర్డంతా తుడిచేసింది. గింజలు గుడిసెంతా చెల్లాచెదురయ్యాయి. ఒకటి కోయామె చాప మీద పడితే, ఆమె తీసి మా వైపు విసిరింది. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. గూడెం మధ్య నడిచినప్పటి సిగ్గు దీని ముందు ఏమీ కాదు. అది ఒంటికి సంబంధించిన సిగ్గు. ఇది నేను ఆమెను తక్కువ చేసినందుకు వచ్చింది.

మళ్ళీ గీశాను. పెద్దక్క మూడు పులుల్నీ పైకొన దగ్గర పెట్టింది. ఈసారి నేను ఆడాను. తండాలో ఎండకు కళ్ళు చికిలించి ఆడినట్టు, బియ్యం డబ్బా పక్కన చెవులు సైరన్ మీద పెట్టుకుని ఆడినట్టు ఆడాను. అంచుల నుంచి మేకల్ని నింపుకుంటూ వచ్చాను. ఆమె ఒక మేకను తింది. దాని వెనక ఇంకో సందు మూసేశాను. గుమ్మంలోంచి పడే ఎండ ఈ గోడ నుంచి ఆ గోడకు జరిగింది. చివరి పులికి దారి లేకుండా పోయినప్పుడు పెద్దక్క ఇంకా వెతికింది. అటు చూసింది, ఇటు చూసింది. తర్వాత గింజను వదిలేసి వెనక్కి వాలింది.

“ఇగో, ఇట్ల,” అంది.

మేం ఆ సాయంత్రం దాకా ఆడాం. పెద్దక్క రెండు గెలిచింది, గెలిచినప్పుడల్లా నన్ను బాగా తిట్టింది. కోయామె మెల్లగా దగ్గరికి జరిగి చూడసాగింది కానీ ఆడమంటే మాత్రం తల అడ్డంగా ఊపింది. ఆ రాత్రి పెద్దక్క గుట్ట ఎక్కలేదు, మాతోనే ఉండిపోయింది.

వెళ్ళాల్సిన రోజు పొద్దున వదిన గుడిసె వెనక ఏటి దాకా వచ్చి, దూరం నుంచి పెద్దక్కను పిలిచింది. ముట్టుకున్న మైలే కదా, తలకు పోసుకుంటే పోతుంది. రా, బస్సుకు ఇంకా టైముంది, ఆ బండ మీద ఒకసారి ఆడి పోదువు గాని, నేనే ఆడతాను, నేర్పు అంది. పాపం వదిన నిజంగానే అంది. పెద్దక్క అప్పుడు నా ఎదురుగా సగం ఆటలో ఉంది. వెళ్ళక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా వెళ్ళు అన్నాను. ఆమె గుట్ట వైపు ఒకసారి చూసింది.

“ఇది అయినంక,” అంది.

అది అవ్వలేదు. బస్సు హారన్ వినిపించింది, అందరం మూటలు పట్టుకుని పరుగెత్తాం. ఆ బండ మీద ఆమె కూర్చుందే తప్ప ఆడలేదు. నేను దాన్ని చూడనే లేదు.

బస్సులో మా ముగ్గురినీ వదిన వెనక సీట్లో కూర్చోబెట్టి తాను ముందు కూర్చుంది. గిన్నెల సంచి ఒళ్ళో పెట్టుకుంది, మాకు తగలకుండా. దారి పొడవునా నేను ఇంటి దగ్గర ఏం చెప్పాలో కూర్చుకుంటూ వచ్చాను. దర్శనం బాగా అయింది అనాలి. దేవుడు ఎలా ఉన్నాడని అడిగితే ఏం చెప్పాలి? నల్లరాతి దేవుడు అంటే సరిపోతుందేమో. చూడని దేవుణ్ణి చూశానని చెప్పబోతున్నాననే భయం కంటే, అబద్ధం ఇంత బాగా కట్టగలుగుతున్నానే అనే సిగ్గు ఎక్కువైంది.

కొత్తగూడెంలో దిగేసరికి పెద్దక్క భర్త బస్టాండులో ఉన్నాడు. భుజం మీద తువ్వాలు, ఒక చెయ్యి స్తంభానికి ఆనించి దగ్గు ఆపుకుంటున్నాడు. అలా ఎదురొస్తాడని ఎవరూ అనుకోలేదు. మేం తలలు వంచుకుని నిలబడ్డాం. వదిన ప్రసాదం పొట్లం విప్పబోయింది. ఆయన దాన్ని తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత పెద్దక్క వైపు చూసి, మామూలు మాట అడిగినట్టు అడిగాడు.

“ఎవలు గెలిచిన్రు?”

ఇన్నేళ్ళూ ఆయనకు తెలుసన్నమాట. ఆయనకు తెలిస్తే బావిలో ఇంకెందరికి తెలుసో, మా ఆయనకు తెలుసో లేదో. మా మొక్కుల గురించి మగవాళ్ళందరూ ఏమని నవ్వుకున్నారో. అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పెద్దక్క తడబడలేదు. తన మూట ఆయన చేతికిచ్చింది.

“అది గెలిచింది,” అంది, గడ్డంతో నన్ను చూపిస్తూ. “మంచిగ ఆడి గెలిచింది.”

ఆయన నా వైపు తిరిగి, దగ్గు మధ్యలోనే, బాగా ఆడినవు బిడ్డా అన్నట్టు తల ఊపాడు. నేను తల ఎత్తలేకపోయాను. కొంగు తల మీదికి లాక్కుని, నవ్వు వస్తుంటే దాచుకుంటూ వాళ్ళ వెనక నడిచాను.